ప్లేటు మీద అంకె, పుస్తకంలో పేరు: పాత జాజ్ రికార్డుల విలువ ఎలా ఏర్పడుతుంది

క్లుప్తంగా: పాత జాజ్ రికార్డుల ధరలు బయటివారిని తికమక పెడతాయి. నూరేళ్లు దాటిన గ్రామఫోను ప్లేటు చవకగా దొరుకుతుంది, దానికంటే నలభై ఏళ్లు చిన్నదైన ఎల్‌పీ (ఎక్కువసేపు మోగే వినైల్ ప్లేటు) వేల డాలర్లు పలుకుతుంది. వయసు, సంగీత ప్రాధాన్యం, అరుదుతనం ధరలో తలా కొంత పాలు పంచుకుంటాయి గాని, ఫలానా ప్లేటు ఫలానాదే అని తేల్చి చెప్పేది దాని గురించి రాసిన పుస్తకం. ఆ పుస్తకాలు ఎలా పుట్టాయి, వాటిలోని లెక్కలు మార్కెట్టును ఎలా నడిపాయి, వినడం ఉచితమవుతున్న ఈ దశలో ఏమి మారుతోంది అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

మొదటిది కావడం చాలదు

1917 ఫిబ్రవరి 26న ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే అయిదుగురు శ్వేతజాతి వాద్యకారుల బృందం న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ కోసం రెండు పాటలు వాయించింది. జాజ్ పేరుతో విడుదలైన తొలి ప్లేటుగా చరిత్రకారులు లెక్కించేది దానినే. విక్టర్ 18255 అన్న సంఖ్యతో వచ్చిన ఆ ప్లేటుకు ఇంతటి చారిత్రక స్థానం ఉన్నా, సేకర్తల మధ్య దానికి పెద్ద ధర లేదు. అప్పట్లో అది విపరీతంగా అమ్ముడైంది కాబట్టి నేటికీ ప్రతులు విరివిగా దొరుకుతాయి.

దీనికి పక్కన 1923 ఏప్రిల్‌లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ పట్టణంలో కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ చేసిన రికార్డులను పెట్టి చూడవచ్చు. ఆ బృందంలో ఉన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ కంటే ముందు చేతబట్టిన కార్నెట్ మొదటిసారి రికార్డుకెక్కింది ఇక్కడే. వాటిని తీసిన జెనెట్ సంస్థ ఒక పియానో తయారీ కంపెనీకి అనుబంధం. దాని స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది కాబట్టి రైలు వచ్చినప్పుడల్లా పని ఆపవలసి వచ్చేది. విక్టర్‌కు ఉన్న దేశవ్యాప్త దుకాణాల వ్యవస్థ జెనెట్‌కు లేదు. తక్కువ ముద్రించి, తక్కువ చోట్ల అమ్మిన ఈ ప్లేట్లలో కొన్నింటికి ఇప్పటివరకు బయటపడిన ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

అయినా అరుదైన ప్రతిదీ ఖరీదైనది కాదు. 1920ల నాటి ఊరూపేరూ తెలియని డాన్స్ బృందాల ప్లేట్లలో చాలావరకు అంతకంటే అరుదైనవే అయినా, వాటిని అడిగేవారు లేరు. కోరేవారు ఉండాలంటే ఆ ప్లేటులో వినవలసినది ఏదో ఉందని ముందుగా ఎవరో చెప్పి ఉండాలి. పుస్తకాల పాత్ర ఇక్కడే మొదలవుతుంది. అయితే ఆ పుస్తకాలు ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే ప్లేట్లు ఎలా నశించాయో ముందు చూడాలి.

లక్క, మాంద్యం, యుద్ధం

78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 తిరుగుళ్ల) ప్లేటులో ప్రధానమైన జిగురు లక్క. లక్క పురుగు స్రవించే ఈ పదార్థం ఎక్కువగా భారతదేశం నుంచే ఎగుమతయ్యేది. దానికి మెత్తగా నూరిన రాతిపొడి, నల్లని మసి, కొద్దిగా దూది పీచు కలిపి వేడి అచ్చులో నొక్కేవారు. రాతిపొడి కలపడానికి కారణం ఉంది. ఆనాటి ఉక్కు ముల్లు బరువుగా ఉండేది, ప్లేటు గరుకుగా ఉంటేనే తొలి కొద్ది తిరుగుళ్లలో ముల్లు అరిగి గాడికి తగ్గట్టు కుదురుకునేది. ముల్లును అరగదీసే ఆ ఏర్పాటే గాడినీ తినేసేది. నల్లజాతి శ్రోతల కోసం ‘రేస్ రికార్డులు’ అనే విడి వరుసల్లో అమ్మిన జాజ్, బ్లూస్ ప్లేట్లను కొన్నవారు భద్రపరచలేదు, పదేపదే వాయించుకున్నారు. అందువల్ల ప్రతి దొరికినా అది బాగున్న ప్రతి కావడం మరింత అరుదు.

ఆ తరువాత మాంద్యం వచ్చింది. 1927లో అమెరికాలో పది కోట్లు దాటిన రికార్డుల అమ్మకాలు 1932 నాటికి సుమారు 60 లక్షలకు పడిపోయాయి. 1930 నుంచి 1933 వరకు విడుదలైన ప్లేట్లు సేకర్తలకు ఎందుకు అంత అపురూపమో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. కుర్చీల కంపెనీకి అనుబంధంగా విస్కాన్సిన్‌లో నడిచిన పారమౌంట్ సంస్థ ఈ కాలంలోనే మూతపడింది. ముద్రణకు వాడే లోహపు అచ్చులకు పాత ఇనుము పాటి విలువ కూడా కట్టని రోజులవి. అచ్చు పోయిన చోట మిగిలిన ప్లేటే మూలప్రతి అవుతుంది. ఆ సంగీతాన్ని నేడు పునర్ముద్రించేవారు సైతం ఏదో ఒక సేకర్త అలమరలోని అరిగిన ప్లేటు నుంచే దానిని ఎత్తుకోవలసి వస్తోంది.

1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం యుద్ధ అవసరాల పేరుతో రికార్డుల తయారీకి ఇచ్చే లక్కను 70 శాతం తగ్గించింది. పాత ప్లేట్లు తెచ్చి ఇవ్వమని దుకాణాలు కొనుగోలుదారులను అడిగాయి. అలా వచ్చినవి నలిగి పొడిగా మారి కొత్త ప్లేట్లలో కలిసిపోయాయి. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి సంగీతకారుల సంఘం రికార్డింగులకు సమ్మె ప్రకటించింది. డెక్కా కంపెనీ 1943లో ఒప్పందానికి రాగా, విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. బీబాప్ అనే కొత్త జాజ్ శైలి రూపుదిద్దుకుంటున్న నెలలు సరిగ్గా అవే. అందుకే ఆ శైలి రికార్డుల్లో పుట్టుక దశ లేకుండా, ఒక్కసారిగా ఎదిగిన రూపంలో వినిపిస్తుంది.

వాయించింది ఎవరు?

1920ల ప్లేటు లేబుల్ మీద పాట పేరు, బృందం పేరు, కంపెనీ సంఖ్య ఉంటాయి. వాద్యకారుల పేర్లు సాధారణంగా ఉండవు. ఉన్న బృందం పేరు కూడా నమ్మదగినది కాదు. ఒక కంపెనీతో ఒప్పందంలో ఉన్న వాద్యకారుడు మరో కంపెనీకి మారుపేరుతో వాయించడం మామూలు విషయం. ఓకే కంపెనీ ఒప్పందంలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 1926లో వోకాలియన్‌కు ‘లిల్స్ హాట్ షాట్స్’ పేరుతో వాయించింది. డ్యూక్ ఎలింగ్టన్ బృందం బ్రన్స్‌విక్ ప్లేట్ల మీద ‘జంగిల్ బ్యాండ్’ అయింది, చవక లేబుళ్ల మీద ‘వూపీ మేకర్స్’ అయింది. ఈ అలవాటు ఎల్‌పీల కాలం దాకా సాగింది. 1953లో టొరాంటోలోని మాసీ హాల్ కచేరీ ఎల్‌పీ మీద సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పేరు ‘చార్లీ చాన్’.

శాస్త్రీయ సంగీతపు రికార్డుల జాబితాను స్వరకర్త పేరు మీద తయారుచేయవచ్చు, ఎందుకంటే అక్కడ రచన స్థిరం. జాజ్‌లో అదే పాట ఉదయం ఒకలా, సాయంత్రం మరొకలా ఉంటుంది. కాబట్టి జాబితాకు ఆధారం పాట కాలేదు, పాటను వాయించిన రోజు అయింది. ఆ రోజు, ఆ ఊరు, ఆ గదిలో ఎవరు ఏ వాద్యం పట్టారు, ఎన్నిసార్లు వాయించారు, ఏ ప్రయత్నం ఏ సంఖ్యతో విడుదలైంది అని నమోదు చేసే పుస్తకమే డిస్కోగ్రఫీ. ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ దెలోనే 1936లో పారిస్‌లో ప్రచురించిన ‘హాట్ డిస్కోగ్రఫీ’ ఈ పద్ధతికి దారి వేసింది. ఆ పుస్తకం సంగీతం పుట్టిన దేశంలో కాక సముద్రానికి ఇవతల తయారు కావడం కొంత విడ్డూరంగా కనిపించవచ్చు. కాని ఐరోపా శ్రోతలకు జాజ్ అంటే చాలావరకు ప్లేటే. నేరుగా వినే అవకాశం తక్కువైన వారికే ఆ ప్లేటులో ఎవరున్నారో తెలుసుకోవలసిన అవసరం ఎక్కువ.

డిస్కోగ్రఫీకి ఆయువుపట్టు మ్యాట్రిక్సు సంఖ్య. లేబుల్ మీద పెద్దగా కనిపించే సంఖ్య అమ్మకం కోసం ఇచ్చినది, అది రెండు పక్కలున్న ప్లేటు మొత్తానికి చెందుతుంది. మ్యాట్రిక్సు సంఖ్య ఒక్కొక్క పక్కకు విడిగా, రికార్డు చేసిన సమయంలోనే పడుతుంది. లేబుల్ చుట్టూ గాడులు లేని నున్నటి భాగంలో దానిని చెక్కుతారు, లేదా లేబుల్ మీదే చిన్నగా ముద్రిస్తారు. పక్కనే ఎన్నో ప్రయత్నమో తెలిపే టేక్ అంకె ఉండవచ్చు. ఒకే అమ్మకపు సంఖ్యతో వేర్వేరు టేకులు బజారులోకి వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు చూపుకు ఒకేలా ఉన్న రెండు ప్లేట్లలో రెండు భిన్నమైన సోలోలు ఉంటాయి. మారుపేరు పెట్టినా మ్యాట్రిక్సు వరుస సాధారణంగా మారదు కాబట్టి, అజ్ఞాత బృందం అసలు పేరు చాలాసార్లు ఈ అంకెల ద్వారానే బయటపడింది.

అంకె చెప్పలేనిది చెవి చెప్పాలి, లేదా వాయించినవారి జ్ఞాపకం చెప్పాలి. ఈ రెండింటికీ పొరపాట్లు తప్పవు. ఒక పుస్తకంలో ఊహగా పడిన పేరు తరువాతి పుస్తకంలో వాస్తవంగా స్థిరపడటం ఈ రంగంలో పాత జబ్బు. డిస్కోగ్రఫీలలో వాద్యకారుడి పేరు పక్కన ప్రశ్నార్థకం కనిపించినప్పుడు దానిని రచయిత అసమర్థతగా తీసుకోనక్కరలేదు. ఆ గుర్తు లేని పుస్తకాన్నే ఎక్కువ అనుమానించాలి.

బ్రిటన్‌కు చెందిన బ్రయన్ రస్ట్ 1961 నుంచి వెలువరించిన ‘జాజ్ రికార్డ్స్’ తొలి దశకు ప్రామాణిక గ్రంథం అయింది. అది 1897లో రాగ్‌టైమ్‌తో మొదలై 1942 సమ్మె దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి డెన్మార్క్‌కు చెందిన యోర్గెన్ గ్రునెట్ జెప్సెన్ అందుకున్నాడు. 1992 నుంచి కెనడాలో టామ్ లార్డ్ వెలువరించిన బహుళ సంపుటాల డిస్కోగ్రఫీ రెండు కాలాలనూ ఒకచోట చేర్చి, తరువాత కంప్యూటర్‌లోకి మారింది. రస్ట్ పుస్తకం పరిధే చాలాకాలం సేకరణ పరిధి కూడా అయింది. అందులోకి ఎక్కిన ప్లేటును జాజ్‌గా లెక్కించి వెతికారు, ఎక్కని డాన్స్ ప్లేటు పెట్టె అడుగునే ఉండిపోయింది.

పుస్తకం నుంచి పుట్టిన రికార్డులు

జాబితాలు కాకుండా కథనాలు చెప్పిన పుస్తకాలు మరో రకంగా పనిచేశాయి. ఫ్రెడరిక్ రామ్సే, చార్లెస్ ఎడ్వర్డ్ స్మిత్ సంపాదకత్వంలో 1939లో వచ్చిన ‘జాజ్‌మెన్’ కోసం సమాచారం సేకరిస్తున్నప్పుడు, లూసియానాలో మరుగున పడివున్న బంక్ జాన్సన్ అనే ట్రంపెట్ వాద్యకారుడి జాడ దొరికింది. అభిమానులు అతనికి కట్టుడు పళ్లు, వాద్యం సమకూర్చారు. 1942లో అతను మొదటిసారి రికార్డు చేశాడు. న్యూ ఆర్లీన్స్ పాతబాణీ పునరుద్ధరణగా పేరుపొందిన ఉద్యమంలో ఒక భాగం ఈ విధంగా పుస్తకం పని నుంచి మొదలైంది. జాన్సన్ తన పుట్టిన ఏడు 1879 అని చెప్పుకున్నాడు. అది అంతకు చాలా తరువాతిదని పరిశోధకులు పిమ్మట వాదించారు. తొలినాటి విషయాలకు అతని మాటనే సాక్ష్యంగా తీసుకున్న రాతలన్నింటినీ ఆ సందేహం తాకింది.

దుకాణాలు కూడా ఈ జ్ఞానాన్ని సరుకుగా మార్చాయి. న్యూయార్క్‌లో కమొడోర్ దుకాణం నడిపిన మిల్ట్ గేబ్లర్ 1930ల్లో పాత రికార్డులను పునర్ముద్రిస్తూ వాద్యకారులందరి పేర్లూ లేబుల్ మీద వేయించాడు. డిస్కోగ్రఫీ చేసే పనిలో చిన్న ముక్క ప్లేటు మీదికే వచ్చిందన్నమాట. తరువాతి కాలంలో ఎల్‌పీ అట్ట వెనుక వ్యాసం, వాద్యకారుల జాబితా సహజమైపోవడానికి ఇది పూర్వరూపం.

ఎల్‌పీలతో మారిన ప్రశ్న

కొలంబియా 1948 జూన్‌లో ఎల్‌పీని ప్రవేశపెట్టింది. 1950ల నడిమికి జాజ్ పది అంగుళాల ఎల్‌పీ నుంచి పన్నెండు అంగుళాల ఎల్‌పీకి మారింది. ఈ దశలో ఎవరు వాయించారన్నది అట్ట మీదే ఉంది. సేకర్త వేసే ప్రశ్న అక్కడి నుంచి మరోవైపు తిరిగింది: ఈ ప్రతిని ఎప్పుడు ముద్రించారు?

ఈ ప్రశ్నకు బ్లూ నోట్ కంపెనీ మంచి ఉదాహరణ. ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో ప్రారంభించిన ఈ చిన్న సంస్థ లేబుల్ మీద తన చిరునామా ముద్రించేది. సంస్థ కార్యాలయం మారినప్పుడు చిరునామా మారింది: ముందు లెక్సింగ్టన్ ఎవెన్యూ, తరువాత వెస్ట్ 63వ వీధి, ఆ తరువాత వెస్ట్ 61వ వీధి. చిరునామా చూసి కాలం చెప్పవచ్చని అనిపిస్తుంది గాని అంత సులువు కాదు. పాత లేబుల్ కాగితాలు మిగిలితే సంస్థ వాటిని పారేయలేదు, తరువాతి ముద్రణలకు వాడింది. ఒక పక్క ఒక చిరునామా, రెండో పక్క మరో చిరునామా ఉన్న ప్రతులు ఏర్పడింది ఇందుకే. 1966లో లిబర్టీ సంస్థ బ్లూ నోట్‌ను కొన్న తరువాత సైతం న్యూయార్క్ చిరునామా లేబుళ్లు అయిపోయేదాకా నడిచాయి.

కాబట్టి నిర్ణయం లేబుల్ నుంచి మళ్లీ నున్నటి భాగానికే వెళ్లింది. అక్కడ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ అచ్చు కోసినట్టు తెలిపే గుర్తు ఉండాలి. లిబర్టీకి ముందు ముద్రణ చేసిన ప్లాస్టిలైట్ కర్మాగారం వేసిన, చెవి ఆకారంలో కనిపించే చిన్న గుర్తు ఉండాలి. వాన్ గెల్డర్ గుర్తు ఉండి చెవి లేకపోతే, పాత అచ్చుతో లిబర్టీ కాలంలో తీసిన ప్రతి అన్నమాట. 2010లో ఫ్రెడరిక్ కోహెన్ ఈ గుర్తులన్నింటినీ సంఖ్యల వారీగా పేర్చి ఒక మార్గదర్శిని ప్రచురించాడు. అంతకుముందు కొద్దిమంది వ్యాపారులకే తెలిసిన రహస్యం బహిరంగం కావడంతో, చెవి ఉన్న ప్రతికీ లేని ప్రతికీ నడుమ తేడాను కొనుగోలుదారు సైతం పట్టుకోగలిగాడు. ఇక్కడ పుస్తకం ధరను వర్ణించడంతో ఆగలేదు, ధరలో కొంత భాగాన్ని తానే సృష్టించింది.

తొలి ముద్రణే బాగా వినిపిస్తుందన్న వాదనలో సగం నిజం ఉంది. టేపు కొత్తగా ఉన్నప్పుడు, అచ్చు అరగకముందు తీసిన ప్రతికి అనుకూలత ఉన్నమాట వాస్తవమే. మరోవైపు, వాన్ గెల్డర్ ఆనాటి సాధారణ గ్రామఫోన్ల మీద ముల్లు ఎగిరిపోకుండా ధ్వని హెచ్చుతగ్గులను కుదించి, లోతైన స్వరాలను అదుపు చేసి కోసేవాడు. మూల టేపు నుంచి ఇటీవల జాగ్రత్తగా చేసిన పునర్ముద్రణల్లో ఆ నిర్బంధం లేదు. వినడమే లక్ష్యమైతే పాతదానికి పదింతలు చెల్లించడాన్ని సమర్థించడం కష్టం.

వేగం, ముల్లు, శుభ్రత

78 ప్లేటును ఎల్‌పీ ముల్లుతో వాయించడం పొరపాటు. 78 గాడికి సుమారు అంగుళంలో వెయ్యింట మూడు వంతుల కొన ఉన్న ముల్లు కావాలి, మోనో ఎల్‌పీకి అందులో మూడో వంతు చాలు. సన్నటి ముల్లు వెడల్పాటి గాడి అడుగున, దుమ్ములో తిరుగుతుంది. శుభ్రం చేసేటప్పుడు మద్యసారం తగిలితే లక్క కరుగుతుంది, వినైల్ కోసం తయారుచేసిన ద్రవాలను దీనికి వాడకూడదు.

వేగం సంగతి మరికొంత సూక్ష్మమైనది. 78 అన్నది తరువాత స్థిరపడిన ప్రమాణం, తొలినాటి ప్లేట్లలో చాలా వాటిని వేరే వేగాల్లో కోశారు. వేగం మారితే శ్రుతి మారుతుంది, అప్పుడు కార్నెట్ వాద్యకారుడు మామూలుగా ఎన్నుకోని కష్టమైన శ్రుతిలో వాయించినట్టు వినిపిస్తుంది. ఆ తప్పుడు ధ్వనిని విని వాద్యకారుణ్ణి గుర్తుపట్టబోయిన డిస్కోగ్రఫీ రచయిత నిర్ణయం కూడా తప్పే అవుతుంది. వాద్యం నాదగుణాన్ని బట్టి ఇది ఫలానావారి ఊపిరి అని తేల్చిన పాత తీర్పులను ఈ దృష్టితో మళ్లీ పరిశీలించవలసి ఉంటుంది.

చట్టం, ఉచిత శ్రవణం, పుస్తకాల భవిష్యత్తు

అమెరికాలో 2018 నాటి చట్టం పాత శబ్ద ముద్రణలకు మొదటిసారి సమాఖ్య స్థాయిలో గడువులు పెట్టింది. 1923కు ముందు విడుదలైనవన్నీ 2022 జనవరి 1న ప్రజల సొత్తయ్యాయి. 1923 నాటివి 2024లో ప్రజల సొత్తయ్యాయి, అక్కడి నుంచి ఏటా ఒక ఏడాది చొప్పున గడువు జరుగుతోంది. 1947 నుంచి 1956 వరకు వచ్చిన వాటికి గడువు 110 ఏళ్లు, 1957 నుంచి 1972 ఫిబ్రవరి నడిమి దాకా వచ్చినవి 2067 వరకు రక్షణలో ఉంటాయి. ఐరోపా సమాఖ్యలో 1963కు ముందు విడుదలైన రికార్డింగులకు రక్షణ ఇప్పటికే తీరింది. 1950ల జాజ్ పునర్ముద్రణలు ఐరోపా నుంచి వెల్లువలా రావడం వెనుక ఉన్నది ఈ తేడాయే.

అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2011లో పాత ప్లేట్ల ధ్వనులను ఉచితంగా వినే వీలు కల్పించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణం నిర్వహిస్తున్న డిస్కోగ్రఫీలో కంపెనీల రికార్డింగ్ చిట్టాలను సంఖ్యతో వెతకవచ్చు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని జాజ్ అధ్యయన సంస్థ, న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయ భాండాగారం వ్యక్తిగత సేకరణలకు చివరి మజిలీలుగా మారాయి.

దీని ప్రభావం రెండు రకాల పుస్తకాల మీద రెండు విధాలుగా పడే అవకాశం ఉంది. సవరించగలిగిన డేటాబేసు ముందు అచ్చయిన పెద్ద డిస్కోగ్రఫీ నిలవడం కష్టం, అందులోని తప్పు తదుపరి ముద్రణ దాకా తప్పుగానే ఉంటుంది. కాని ఒకే లేబుల్‌ను, ఒకే వాద్యకారుణ్ణి తీసుకుని కొద్ది ప్రతులుగా అచ్చయిన గ్రంథాలు అంతర్జాలంలోకి పూర్తిగా ఎక్కలేదు, అవి తామే సేకరణ వస్తువులుగా మారుతున్నాయి. పాత డిస్కోగ్రఫీలకు కూడా ఒక ఉపయోగం మిగిలింది: ఏ పేరు ఏ సంవత్సరంలో, ఎవరి ఊహగా జాబితాలోకి చేరిందో వరుస ముద్రణలను పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ప్లేట్ల విషయంలో మధ్యస్థాయి సరుకు విలువ కోల్పోవచ్చు. విరివిగా దొరికే 1920ల డాన్స్ ప్లేటును వినడానికి కొనవలసిన పని లేదు, దానిని యౌవనం నుంచి కోరుకున్న తరం తగ్గిపోతోంది. అచ్చు పోయి, ఒకటి రెండు ప్రతులే మిగిలిన ప్లేట్లకు ఈ సూత్రం వర్తించదు. 2013లో టామీ జాన్సన్ అనే బ్లూస్ గాయకుడి పారమౌంట్ ప్లేటు ఒకటి వేలంలో 37,100 డాలర్లు పలికింది. జాజ్ ప్లేట్లు సాధారణంగా ఆ స్థాయికి చేరవు. ప్రముఖ జాజ్ బృందాలు పెద్ద కంపెనీలకు వాయించినవి, పల్లె బ్లూస్ గాయకులు కంపెనీ కుప్పకూలుతున్న సమయంలో పాడినవి కావడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం.

జాబితాల్లో నమోదై ఇంతవరకు ఒక్క ప్రతీ కనిపించని ప్లేటు పక్కలు కొన్ని ఉన్నాయి. జాబితాకే ఎక్కనిది ఒకటి వాటికి ముందుంది. న్యూ ఆర్లీన్స్‌లో జాజ్‌కు ఆద్యుడిగా చెప్పుకునే కార్నెట్ వాద్యకారుడు బడీ బోల్డెన్ 1907లో మానసిక చికిత్సాలయానికి చేరి, అక్కడే 1931లో మరణించాడు. 1890ల్లో తమ బృందం మైనపు గొట్టం మీద రికార్డు చేసిందని అతని సహచరుడు, ట్రాంబోన్ వాద్యకారుడు విల్లీ కార్నిష్ చెప్పాడు. దానికి మ్యాట్రిక్సు సంఖ్య లేదు, లేబుల్ లేదు, ‘జాజ్‌మెన్’ నాటి నుంచి వెతుకుతున్నవారికి గొట్టమూ దొరకలేదు.